వెలుగు సూక్ష్మజీవుల గుర్తింపు

సముద్రతీరమున పుట్టి పెరిగినవారికి ఈ యనుభవము క్రొత్త కాదు. సాయంకాలము సంతలో కొన్న సముద్రపు చేప యొకటి వండక మిగిలిపోవును. దానిని తట్టలో పెట్టి వంటయింటి మూల నుంచుదురు. నడిరేయి మంచినీళ్లకై లేచినవారు దీపము వెలిగింపకయే లోనికి పోయినచో, తట్టలో నేదో నీలివన్నెతో మెల్లగా వెలుగుచు కనబడును. తాకి చూచిన వేడి లేదు, పొగ లేదు. వ్రేళ్లకంటిన జిగురు సైతము చీకటిలో వెలుగును. ఇది దయ్యముల చేష్ట యని భయపడి, ఆ చేపను పెంటకుప్పపై పారవైచిన పెద్దలను నే నెఱుగుదును.

ఆ వెలుగు చేపది కాదు. చేపపై చేరి బ్రతుకుచున్న సూక్ష్మజీవులది. ఒక్కొక్క జీవి పొడవు మిల్లీమీటరులో వేయవ వంతో, రెండు మూడు వేయవ వంతులో యుండును. ఒంటిగా నున్న జీవి కాంతి మన కంటికానదు. కోట్లకొలది యొకచోట గుమిగూడినప్పుడే యది మనకు కానవచ్చును. వానిలో క్రొత్తజాతిని శాస్త్రజ్ఞు లెట్లు గుర్తింతురో నేటి ప్రసంగమున వివరింప దలచితిని.

ఈ విషయము పండితుల వినోదమునకు మాత్రమే చెందినదని శ్రోతలు తలంపవలదు. నా పూర్వశిష్యు డొకడు తీరమున రొయ్యపిల్లల హేచరీ నడుపుచున్నాడు. ఒకనాడు తెల్లవారకమునుపే నా యింటికి వచ్చి, "మేష్టారూ! రాత్రి దీపములార్పి చూచితిని. తొట్టెలు వెలుగుచున్నవి. హార్వేయీ వచ్చినది. మందు వేసితిని. అయినను పిల్లలు చచ్చుచునే యున్నవి" అని వాపోయెను. నేను "నాయనా! వెలుగును చూచితివి, సరే. హార్వేయీని చూచితివా?" అని యడిగితిని. అతడు తెల్లబోయెను. ఈ ప్రసంగమంతయు నా ప్రశ్నకు వివరణమే యని గ్రహింపవేడెదను.

మొదట నొక పొరపాటును తొలగింపవలెను. సముద్రమున వెలుగు ప్రతి వస్తువును సూక్ష్మజీవి కాదు. 2019 ఆగస్టు మాసమున చెన్నపట్టణపు తీరమున కెరటములు నీలికాంతితో మెఱసి, జనులు గుంపులు గుంపులుగా పోయి చూచిరి. అది నాక్టిల్యూకా అను ఏకకణజీవి పని. అది మన సూక్ష్మజీవికన్న కొన్ని వందల రెట్లు పెద్దది. దానిని కదలించినప్పుడే యది మెఱయును. కెరటము విఱిగినప్పుడు, కాలితో నీటిని తన్నినప్పుడు తళుక్కున మెఱసి యంతలో నాఱిపోవును. సూక్ష్మజీవుల వెలుగట్టిది కాదు. తగినంత గుమిగూడి, ఆహారమును ప్రాణవాయువును లభించుచున్నంత సేపు, కదలించినను కదలింపకున్నను, అది నిలుకడగా వెలుగుచునే యుండును. చీకటిలో నొక నిమిషము నిలిచి చూచినవారు ఈ భేదమును తామే తెలిసికొనగలరు.

పురాణములలో పాలకడలిని గూర్చి వినియున్నాము. హిందూమహాసముద్రమున ప్రయాణము చేయు నావికులు, అమావాస్యనాటి చీకటిలో కనుచూపు మేర నీరంతయు పాలవలె తెల్లగా వెలుగుట చూచితిమని తరతరములుగా వ్రాయుచు వచ్చిరి. చాలకాలము విద్వాంసులు దీనిని నావికుల కల్పన యనుకొనిరి. 1995 జనవరి 25వ తేదీ రాత్రి లీమా అను బ్రిటిషు ఓడ సోమాలీ తీరమున కావల నట్టి వెలుగులో ప్రవేశించి, దాటుటకు సుమారు ఆరు గంటలు పట్టినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. పదేండ్ల తరువాత శాస్త్రజ్ఞులు ఆనాటి ఉపగ్రహచిత్రములను వెదకి చూడగా, ఆ తావుననే 15,400 చదరపు కిలోమీటర్ల వెలుగు కానవచ్చెను. అది 2022కు పూర్వపు నెల్లూరు జిల్లాకన్న పెద్దది! అంతకు మునుపే, 1985లో, అరేబియా సముద్రమున నొక పరిశోధననౌక యిట్టి పాలకడలిలో ప్రవేశించి నీటిని పట్టి పరీక్షించెను. వెలుగుచున్నవి సూక్ష్మజీవులని తేలెను. వానికి విబ్రియో హార్వేయీ అను పేరు వ్రాసిరి. నా శిష్యుని నోట వచ్చిన పేరదియే. దాని చరిత్రను మరల ముచ్చటించెదను.

ఈ వెలుగునకు కారణము తెలిసిన క్రమమును కొంచెము చూతము. 1667లో ఇంగ్లండున రాబర్టు బాయిల్ పుచ్చిన కొయ్యముక్కను గాజుపాత్రలో నుంచి, యంత్రముతో లోని గాలిని తీసివేసెను. కొయ్య వెలుగు మాసిపోయెను. గాలిని మరల విడువగా వెలుగు మరల వచ్చెను. వెలుగుచున్న చేపలపైనను అతడిట్టి పరీక్షలు చేసెను. కొయ్యను వెలిగించునది శిలీంధ్రమనియు, చేపను వెలిగించునది సూక్ష్మజీవి యనియు ఆతని కాలమున నెవ్వరికిని తెలియదు. అయినను వెలుగునకు గాలి యవసరమని నిశ్చయముగా తెలిసెను. రెండువందల యేండ్లు గడచిన పిమ్మట, 1875లో జర్మనుడైన ఫ్లూగర్, చచ్చిన చేప వెలుగునకు మిక్కిలి చిన్న ప్రాణులే కారణమని చెప్పెను.

వానిని విడదీసి పెంచి చూపినవారిలో ముఖ్యుడు బెర్నార్డు ఫిషర్ అను జర్మను నౌకావైద్యుడు. ఆయన పశ్చిమ ఇండియా దీవుల సముద్రమున నొక వెలుగుజీవిని పట్టి, 1887లో దాని వివరములు ప్రకటించెను. స్వదేశమునకు వచ్చి బాల్టిక్ సముద్రమున వెదకగా మఱియొకటి దొరకెను. ఉష్ణదేశపు జీవి వెచ్చదనమును కోరును. బాల్టిక్ జీవి చల్లదనమును కోరును. రెండును వెలుగును. కాని రెండును ఒకటి కావు! "వెలుగు జీవి" యను నొక్క పేరు చాలదని అప్పుడే తెలిసిపోయెను. 1889లో హాలండు దేశమున బైజెరింక్ అను మహాపండితుడు వీనికి ఫోటోబాక్టీరియం అను ప్రజాతి నేర్పఱచి, ఒక జాతికి ఫిషరు గౌరవార్థము ఫిషెరీ యని పేరు పెట్టెను.

ఇక వెలుగు పుట్టు విధమును సంగ్రహముగా చెప్పెదను. జీవి శరీరమున లూసిఫరేస్ అను ఎంజైము గలదు. ఫ్లేవిన్ అను పదార్థమును, పొడవైన గొలుసువంటి ఆల్డిహైడు నొకదానిని ప్రాణవాయువుతో నిది కలుపును. ఆ కలయికలో పుట్టిన శక్తి వేడిగా మాఱక, నీలియాకుపచ్చ కాంతిగా వెలువడును. బాయిల్ గాజుపాత్రలో వెలుగెందుకు మాసెనో యిప్పుడు తెలిసినది గదా! ఈ పనికి కావలసిన జన్యువులు లక్స్ అను పేరుతో ఒక వరుసలో కూర్చబడియుండును. 1983లో అమెరికా శాస్త్రజ్ఞు లావరుసను తీసి, వెలుగెఱుగని మఱియొక సూక్ష్మజీవిలో నుంచగా, అదియును వెలిగెను. ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవలెను. ప్రయోగశాలలో మనుష్యుడు చేసిన యీ పనిని ప్రకృతియు తన రీతిని చేయుచునే యున్నది. వెలుగు జన్యువులు ఒక వంశమునుండి మఱియొక వంశమునకు పోయిన సందర్భములు గలవు. ఉన్నవానిని పోగొట్టుకొన్న వంశములును గలవు.

ఇప్పుడు మనమొక వెలుగుజీవిని పట్టుకొందము. సాధనములు స్వల్పములే. అప్పుడే పట్టిన సముద్రపు చేప నొకదానిని లోతులేని పళ్లెములో పెట్టి, సగము మునుగునట్లు శుభ్రమైన సముద్రపు నీరు పోసి, చల్లని చోట ఒకటి రెండు రాత్రు లుంచవలెను. పిమ్మట చీకటిగదిలో కూర్చుండి కన్నులు చీకటికి అలవాటుపడునంతవరకు, అనగా పది నిమిషములైనను, ఓపికపట్టవలెను. ఓపిక లేనివాడు గదిలోనికి పోయిన వెంటనే "ఏమియు లేదు" అని తిరిగి వచ్చును. ఓపికగలవానికి చేప పొలుసులపై చిన్న చిన్న వెలుగుచుక్కలు నక్షత్రములవలె కనబడును. కాల్చి శుద్ధిచేసిన తీగకొనతో నొక చుక్కను తాకి, సముద్రపు నీరు, పెప్టోను, ఈస్టుసారము, గ్లిసరిను, అగరు కలిపి గడ్డకట్టించిన గాజుపళ్లెముపై గీతలుగా గీయవలెను. మఱునాటికి గీతల చివర విడివిడిగా గుండ్రని గుంపు లేర్పడును. వెలుగుచున్న గుంపునుండి మరల తీసి మరల గీయవలెను. ఇట్లు రెండు మూడు మాఱులు చేసినచో, ఒకే జీవియొక్క సంతానము మాత్రమే నిలుచును. దీనిని శుద్ధసంతతి యందము.

ఇంతవరకు పాఠశాల విద్యార్థియు చేయగలడు. ఇది యే జాతి యను ప్రశ్నతో నసలు కష్టము మొదలగును. సూక్ష్మదర్శినిలో చూచిన కొన్ని పొట్టిగానుండు కఱ్ఱలవలెను, కొన్ని వంకరగానుండు కామాగుర్తులవలెను కనబడును. దీనితో పేరు తేలదు. ఏనుగును గుఱ్ఱమును చూచి చెప్పినట్లు సూక్ష్మజీవిని చూచి చెప్పుట సాధ్యము కాదు. అందుచేత మునుపటి పండితులు జీవియొక్క నడవడిని విచారించిరి. ఎంత ఉప్పులో పెరుగును? ఎంత వేడిని సహించును? ఏ చక్కెరను తినును? ఏ ఆమ్లమును విడుచును? ఇట్టి ప్రశ్నలు పదులకొలది వేసి, జవాబుల పట్టికలు వ్రాసి, పట్టికతో పట్టికను పోల్చిరి. ఈ పని శ్రమతో కూడినది, ఫలమిచ్చినది. కాని రెండు జాతులు ఒకే జవాబులిచ్చుటయు, ఒకే జాతిలోని రెండు సంతతులు వేఱు జవాబులిచ్చుటయు తటస్థించుచుండెను.

వెలుగునే గుర్తుగా గొన్నచో నేమగునో తెలుపు కథ యొకటి గలదు. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున కలరా ప్రబలి ఎనిమిదివేలకు పైగా జనులు మరణించిరి. ఎల్బు నదీజలమే దానిని వ్యాపింపజేసెనని తేలుటచే, మఱుసటి యేడు వైద్యులు ఆ నీటిని జాగరూకతతో పరీక్షించుచుండిరి. అప్పుడు కలరా క్రిమినే పోలిన వంకర సూక్ష్మజీవులు కొన్ని దొరకెను. ఆశ్చర్యమేమనగా, అవి చీకటిలో వెలుగుచుండెను! కలరా క్రిమి వెలుగదు. కావున నిది వేఱు జాతి యని తలచి, తరువాత దానికి ఎల్బు నదిపేర అల్బెన్సిస్ అని నామకరణము చేసిరి. అనేక దశాబ్దములు గడచినపిదప ఇతర లక్షణములను పోల్చిచూడగా, అది కలరాజాతికి అత్యంత సన్నిహితమని తెలిసి, దానిని ఆ జాతిలోనే యొక వర్గముగా నెన్నిరి. వెలుగుచున్నది గావున కలరాజాతితో సంబంధము లేదనుట నిలువలేదు. వెలుగు లేనంత మాత్రమున వెలుగుజాతి కాదనుటయు నిలువదు. వెలుగుజాతులలో చీకటి సంతతులు సాధారణముగా దొరకుచునేయున్నవి.

వెలుగు వన్నె యైనను జాతిని చెప్పదా యని కొందఱడుగవచ్చును. అదియు నమ్మదగినది కాదు. 1977లో అమెరికాలో పసుపువన్నెతో వెలుగు సంతతి యొకటి ప్రకటితమయ్యెను. ఆనాడు దానిని నీలికాంతినిచ్చు ఫిషెరీ జాతిలోనిదిగనే యెన్నిరి. లూసిఫరేస్ ప్రక్కన మఱియొక ప్రోటీను చేరి వన్నెను మార్చుచున్నదని తరువాత తేలెను. గాజు మార్చిన దీపపు వన్నె మాఱును. అంతమాత్రమున నూనె మాఱినదని చెప్పరాదు గదా!

మన దక్షిణదేశమునకు సంబంధించిన కథ నొకటి వినుడు. మన తీరమున కారలని పిలుచు చిన్న చేపలు గలవు. వెండిరేకువలె పలుచగానుండి తళతళలాడును. ఎండబెట్టి బీదసాదలు తినుదురు. ఆ చేప గొంతువద్ద అన్నవాహిక చుట్టును చిన్న దీపపు సంచి యొకటి గలదు. అందు వెలుగుజీవులు కాపురముండును. చేప వానికి ఆహారమిచ్చును. అవి చేపకు వెలుగిచ్చును. 1967లో ఈ చేపల కుటుంబపు పేరునుబట్టి ఆ జీవికి ఫోటోబాక్టీరియం లియోగ్నాతీ అని పేరుపెట్టిరి. 1970లో స్కాట్లండు దేశపు అబర్డీను నగరమున పనిచేయుచుండిన మువ్వురు పండితులు మఱియొక వెలుగుజీవిని వేఱుజాతిగా వర్ణించి, రామేశ్వరమున కెదుటనున్న మన మండపము పేర దానిని ఫోటోబాక్టీరియం మండపమెన్సిస్ అనిరి. కాని యయిదేండ్లు గడవకముందే ఇతర పండితులు రెంటిని పోల్చి, ఆహారమునందును నడవడియందును భేదము చాలదని, మండపము పేరును కొట్టివేసి లియోగ్నాతీలో కలిపిరి.

1980 జనవరి 1వ తేదీన సూక్ష్మజీవుల పేర్లకు క్రొత్త పట్టాభిషేకము జరిగెను. ఆనాటి యంగీకృత పట్టికలో చేరని పాతపేర్లకు శాస్త్రమున చెల్లుబాటు పోయెను. మండపమెన్సిస్ ఆ పట్టికలో లేదు. ఇక దాని కథ ముగిసినదనుకొనిరి. కాని 2004లో ఆస్టు, డన్లప్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ జీవుల వెలుగుజన్యువులను అక్షరమక్షరము చదివి చూడగా, రెండు వేఱు వంశములు స్పష్టముగా కానవచ్చెను. మండపము వంశమునకు లక్స్ ఎఫ్ అను జన్యువొకటి యధికముగా గలదు, లియోగ్నాతీకి లేదు. 2007లో జరిగిన పరిశోధనలో, ఈ రెండు వంశముల జీవులును ఒక్కొకప్పుడు ఒకే చేప దీపపుసంచిలో కలిసి కాపురము చేయుచున్నవనియు తెలిసెను. ఒకే యింట నుండియు వేఱు గోత్రములవారైన యద్దెకాపురముల వంటివన్నమాట. దీనిని ప్రత్యేకజాతి యనవలెనా, ఉపజాతి యనవలెనా యను విషయమున పండితులు భిన్నరీతుల వ్రాయుచున్నారు. మండపము పేరు మాత్రము గ్రంథములలోనికి మరల వచ్చినది.

ఈ మార్పునకు కారణము జన్యుపదార్థమును చదువు విద్య. 1977 మొదలుకొని కార్ల్ వోస్ చూపిన మార్గమున, ప్రతి సూక్ష్మజీవియందు నుండు 16 ఎస్ అను రైబోసోము జన్యువును చదివి, వంశవృక్షములు వ్రాయుచున్నారు. ఇది వంశమును తెలుపుటకు మంచి సాధనము. కాని విబ్రియో కుటుంబమున వేఱు వేఱు జాతులలో సైతము ఈ జన్యువు ఇంచుమించుగా ఒకటేయై యుండును. అందుచే మఱికొన్ని జన్యువులను కలిపి చదువుదురు. నేడు జీవియొక్క జన్యుపదార్థము నంతయు చదువుట సులభమైనది. రెండు జీవుల జన్యుపదార్థములు సగటున నూటికి 95, 96 పాళ్లకు తక్కువగా పోలియున్నచో, వానిని వేఱు జాతులుగా నెన్నుట యిప్పటి యాచారము. అంత పోలిక మాత్రముచేతను తీర్పు ముగియదు. నడవడి పరీక్షలును దానిని బలపఱుపవలెను. ఈ రీతిని 2007లో, లోతుసముద్రపు చేపల దీపపుసంచులలో నివసించుచు, అంతవరకు ఫాస్ఫోరియం అను పాతజాతిలో చేర్చబడియుండిన జీవులను విడదీసి, జపానుదేశపు పూర్వపరిశోధకుడైన కిషితానీ పేర క్రొత్తజాతి నేర్పఱచిరి. 2009లో జపానులోని సగామీ అఖాతపు నీటినుండి అజూరియస్ అను మఱియొక వెలుగుజాతి దొరకెను.

ఇక హార్వేయీ కథకు వత్తము. 1936లో అమెరికా తీరమున చచ్చిన యొక చిన్న ఇసుకకీటకముపై దొరకిన వెలుగుజీవికి, జీవకాంతిశాస్త్రమున మహాపండితుడైన న్యూటన్ హార్వే పేరు పెట్టిరి. మొదట దానిని అక్రోమోబాక్టర్ ప్రజాతిలో చేర్చిరి. 1970లో లూసిబాక్టీరియ మనిరి. 1973లో బెనెకియా యనిరి. కడపట విబ్రియో యనిరి. ఇంటిపేరు పలుమాఱులు మాఱినది. అది యట్లుండనిండు. వెచ్చని సముద్రమున వెలుగు విబ్రియో కనబడిన చాలును, హార్వేయీ యని వ్రాయుట యలవాటైపోయెను. దానికి మిక్కిలి దగ్గఱ బంధువైన కాంబెల్లీ యను జాతిని వెలుగులేనిదిగా సాధారణముగా భావించుచుండిరి. 2010లో శాస్త్రజ్ఞులు, హార్వేయీ యను పేరుతో ప్రపంచప్రసిద్ధములైన రెండు సంతతుల జన్యుపదార్థము నంతయు పోల్చిచూచిరి. రెండును కాంబెల్లీయే యని తేలెను! అందొకటి, సూక్ష్మజీవులు రసాయనపదార్థములతో పరస్పరము పలుకరించుకొను విధమును లోకమునకు నేర్పిన సంతతి. రెండవది థాయిలాండున వెలుగుజబ్బుతో చచ్చిన రొయ్యనుండి తీసినది. వెలుగుచున్నదన్న యొక్క కారణముననే పండితులును ఏండ్లతరబడి పొరబడిరి. ఇక నా శిష్యు డెంతవాడు?

ఆ శిష్యుడు పంపిన నీటిని, చచ్చుచున్న పిల్లలను తెప్పించి పరీక్షించితిమి. పళ్లెములపై వెలుగుచుక్కలు లేచెను. వెలుగులేని చుక్కలును లేచెను. అతడు వేసిన మందుబిళ్లను ఒక పళ్లెము నడుమ నుంచి చూడగా, వెలుగుజీవులు దాని యంచువఱకు నిర్భయముగా పెరిగినవి. అతడు సొమ్ము పోసి కొన్న మందు చంపవలసినదానిని చంపలేదు; నీటిలోని మంచి సూక్ష్మజీవులను మాత్రము చంపి, శత్రువునకు చోటు చేసిపెట్టియుండును. 1994లోనే మనదేశపు శాస్త్రజ్ఞులు, టైగరు రొయ్యపిల్లలను మూకుమ్మడిగా చంపిన హార్వేయీ పలు ఆంటీబయాటిక్ మందులను లెక్కచేయుట లేదని ప్రకటించి హెచ్చరించిరి. అట్టి మందులలో కొన్నింటిని రొయ్యల పెంపకమున వాడుటను ప్రభుత్వము నిషేధించినది. వాని యవశేషము సరకులో కనబడినచో పరదేశములు మన రొయ్యలను త్రిప్పిపంపుచున్నవి. నష్టము ఒక్క తొట్టితో పోదు. ఊరి కూలివానివఱకు వచ్చును.

కావున హేచరీ నడుపువారికి నా మనవి యిది. తొట్టి వెలిగినప్పుడు వెలుగును హెచ్చరికగా గ్రహింపుడు, తీర్పుగా గ్రహింపవలదు. వెలుగు ప్రతి జీవియు రొయ్యను చంపదు. ఒకే జాతిలో సైతము చంపు సంతతులును, చంపని సంతతులును గలవు. చంపునది యొకప్పుడు వెలుగకయే యుండవచ్చును. నీటిని వడగట్టి శుద్ధిచేయుట, తొట్లను కడిగి యారవేయుట, జబ్బుతొట్టి నీరు మఱియొక తొట్టిలో పడకుండ కాచుట, ఇవి యే పేరుగల శత్రువునకైనను పనికివచ్చును. మందు విషయము మాత్రము, శత్రువెవడో పరీక్షలో తేలి, నిపుణులు చెప్పిన పిమ్మటనే యాలోచింపవలెను.

ఇదంతయు విని, వెలుగుజీవులన్నియు శత్రువులే యని యనుకొనవలదు. హవాయి దీవులలో నొక చిన్న కణవాయి చేప గలదు. రాత్రివేళ వెన్నెలలో తన నీడ క్రింద నున్న శత్రువునకు కనబడకుండుటకై, అది తన పొట్టక్రింద ఫిషెరీ జీవులను దీపముగా ధరించును. ప్రతి వేకువను వానిలో నూటికి సుమారు 95 పాళ్లను వెలికి వెడలించును. మిగిలినవి సాయంకాలమునకు మరల పెరుగును. ఈ ఫిషెరీ జీవులనే 1970లో అమెరికాలో పరీక్షించి, తగినంతమంది గుమిగూడినదాక అవి వెలుగవనియు, తాము విడిచిన పదార్థము నీటిలో హెచ్చుటనుబట్టి తమ సంఖ్యను తెలిసికొనుననియు కనుగొనిరి. వ్యాధిక్రిములును ఇట్టి యుపాయములతోనే దండెత్తుచున్నవని తరువాత తెలిసినందున, ఈ విద్య వైద్యమునకును దారి చూపుచున్నది. మఱియు కార్మాగారముల మురికినీటిలో విషమున్నదో లేదో తెలిసికొనుటకు ఈ జీవులను ఆ నీటిలో కలిపి చూచెదరు. విషమున్నచో అరగంటలోపలనే వెలుగు తగ్గును.

తుదకు, క్రొత్తజాతిని కనుగొంటినని యెవరైన ననుకొన్నచో చేయవలసినదేమి? తొందరపడి పేరు పెట్టరాదు. దగ్గఱ బంధువులైన జాతుల మూలసంతతులన్నింటిని తెప్పించి, ప్రక్కప్రక్కన పెంచి పోల్చవలెను. జన్యుపదార్థమును చదువవలెను. భేదము నిజమని తేలినచో లాటిన్ మర్యాద ననుసరించి పేరు కూర్చి, లక్షణములు వ్రాసి, తన మూలసంతతిని రెండు వేఱుదేశములలోని బహిరంగ భాండాగారములలోనైన నుంచవలెను. మనదేశమున చండీగఢులో నట్టి భాండాగారము గలదు. ఈ నియమమున గొప్ప న్యాయమున్నది. కనుగొన్నవాని మాటను నమ్ముమని శాస్త్ర మడుగదు. ఎవరైనను ఆ సంతతిని తెప్పించుకొని, వాడు చెప్పినది నిజమో కాదో చూచుకొనవచ్చును. మండపము పేరు ముప్పదియేండ్ల పిదప మరల లేచినదన్నచో, ఆ సంతతి నెవ్వరో జాగ్రత్తగా దాచియుంచినందుననే గదా!

మన తీరపు విద్యార్థులు ఈ పనికి పూనుకొనవలెనని నా కోరిక. చేప యొకటి, పళ్లెమొకటి, చీకటిగది యొకటి, కొంచె మోపిక చాలును. ఏ చేప, ఏ రేవు, ఏ మాసము, నీటి వేడి యెంత, ఈ నాలుగు సంగతులు తప్పక వ్రాసి యుంచుకొనుడు. వెలుగు కనబడినప్పుడు సంతోషింపుడు. పిమ్మట "నీవెవ్వరవు?" అని యడుగుడు. జవాబు వచ్చుటకు మాసములు పట్టవచ్చును, సంవత్సరములు పట్టవచ్చును. అంతవఱకు దానికి మీరే పేరును పెట్టకుందురు గాక.